వెనక ఎర్రదీపాలు

దివిసీమను ఉప్పెన ఊడ్చేసిన ఏడాది వెళ్లి, ఆ మరుసటి ఏడు. అప్పట్లో విజయవాడ ఆటోనగర్‌లో నాకొక రేకుల షెడ్డు ఉండేది. కార్లకూ లారీలకూ వైరింగు చేసేవాణ్ణి.

మా చెల్లెలు అమలమ్మను నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గర పల్లెలో ఇచ్చాం. ఉప్పెనలో పోయింది. శవం దొరకలేదు. తాటిచెట్టెక్కి బతికిన ఆ ఊరివాడు ఒకడు వచ్చి చెప్పాడు.

"అంతా చీకటి. గుళ్లో ఎర్రదీపం ఒక్కటే కనపడతా ఉంది. ఊరంతా దాని ఎంటే పోయారు. మీ అమలమ్మ కుంటుకుంటా నా కళ్లముందే లోపలికెళ్లింది. ఆ తర్వాత గుడే లేదు."

మా చర్చి గురువుగారు ఆమె ఆత్మశాంతికి పూజ చేస్తానన్నారు. మా అమ్మ శౌరమ్మ ఒప్పుకోలేదు.

"మట్టెయ్యకుండా పూజేంటి? అది వచ్చుద్ది" అంది.

పటమటలో మా ఇంటి తలుపుకు ఆ రోజు నుంచి గొళ్లెం పెట్టనివ్వలేదు. రాత్రిళ్లు గడపలోనే కూర్చునేది. అమలమ్మ ఎక్కడుందో తెలిస్తే చాలు, అమ్మ చేత ఆ తలుపు వేయించాలని నా ఆశ.

ఆ వానాకాలంలో గన్నవరం దగ్గరి పెద్ద రైతు కొడుకు వెంకటకృష్ణారావు తన కారు తెచ్చాడు. ఎవరో దొర వదిలేసి వెళ్లిన పాత స్పోర్ట్సు కారు. రెండే సీట్లు, పైన గుడ్డ టాపు.

"మేస్త్రీ, ఈ వెనక లైట్లు చూడు. చుట్ట ముట్టించినట్టున్నాయి. మొన్న లారీవోడు గుద్దబోయాడు."

"పెద్దవి పెడతానండీ."

"అంబాసిడర్‌వి పెట్టేవు! నా బండేం టాక్సీ కాదు. నిలువుగా, పొడుగ్గా ఉండాల. ఇంకెవరికీ ఉండకూడదు. వెనకొచ్చేవాడు చూస్తా ఉండిపోవాల."

"చూస్తార్లెండి" అన్నాను.

పాతసామాన్ల రత్తయ్య కొట్లో ఎర్రగాజు గొట్టం ఒకటి కనపడింది. మందంగా, జానెడు ఎత్తున ఉంది.

"ఇదేంటి రత్తయ్యా?"

"బెజవాడలో ఎర్రగాజంటే ఇంకేంటి? రైలు లాంతరుదే."

"కిరసనాయిలు వాసన రావాలిగా. కొబ్బరినూనె వాసనొస్తంది."

"గార్డు తలకి రాసుకుని దానికి తుడిచాడేమోలే. పట్టుకెళ్లవయ్యా బాబూ!"

నిజమే అనుకున్నాను. గాజుకోత పెట్టి గొట్టాన్ని నిలువునా రెండు చెక్కలు చేశాను. రేకుతో పొడుగు డబ్బాలు కట్టి, గాజు చుట్టూ రబ్బరు వేసి బిగించాను. లోపల రెండు తీగల బల్బులు పెట్టాను. మామూలుగా సన్నగా వెలుగుతాయి, బ్రేకు తొక్కితే భగ్గుమంటాయి. కృష్ణారావు చూసి మురిసిపోయాడు.

వారం తిరక్కుండానే వచ్చాడు. గడ్డం మాసి ఉంది.

"ఏం పెట్టావయ్యా నా బండికి?"

"లైట్లేనండీ."

"వెనక జనం వస్తన్నారు."

"చూడాలన్నది మీరేగా."

"ఎకసెక్కాలొద్దు మేస్త్రీ. పొద్దుగూకి లైటేస్తే అద్దంలో జనం. నడిచే వస్తారు. నేనెంత తోలినా అంతే దూరంలో ఉంటారు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు, రోడ్డు మాత్రం తడిగా ఉంటది. బ్రేకు తొక్కానా, అందరూ ఒక్కసారి కూర్చుంటారు."

నా చేతిలో పానా ఆగింది.

"రెండు కాళ్లూ మడిచా అండీ, ఒక్క కాలా?"

తన కాలు వంచి చూసుకున్నాడు. "ఒక్క కాలే."

అది కూర్చోవడం కాదు. మోకరించడం. మా కతోలిక గుళ్లలో, పూజలో ఆశీర్వదించిన అప్పం ఉంచే సత్ప్రసాదం పెట్టె పక్కన ఎర్రగాజులో కొబ్బరినూనె దీపం ఆరకుండా వెలుగుతుంది. దాని ఎదుట మోకాలు వంచాలి. ఆయనకా సంగతి తెలియదు. నాకు తెలిసీ అప్పటిదాకా తట్టలేదు.

రత్తయ్యను అడిగాను. ఆ సరుకు దివిసీమ తుక్కు లారీలో వచ్చిందన్నాడు.

ఆ సాయంత్రం కృష్ణారావు పక్కన కూర్చుని బందరు కాలవ గట్టు మీదికి వెళ్లాను. ఆ పూట వాన లేదు. దీపాల వేళకు లైటు వేశాడు. కొబ్బరినూనె వాసన వచ్చింది. అద్దంలో చూశాను.

ఆడవాళ్లు తలమీద కొంగులు కప్పుకున్నారు. మగవాళ్లు కండువాలు తీసి చేత పట్టుకున్నారు. అందరి బట్టలూ నీళ్లు కారుతున్నాయి. అడుగుల చప్పుడు లేదు.

"బ్రేకు తొక్కండి" అన్నాను.

గట్టంతా ఎర్రబడింది. అందరూ ఒక్క ఊపున మోకరించారు. ఒక ఆడమనిషి మాత్రం వెనకబడి, కుడి అరచెయ్యి నేలకు ఆనించి నెమ్మదిగా దిగింది. చిన్నప్పుడు బండి మీది నుంచి పడ్డప్పటి నుంచి మా అమలమ్మకు మోకాలు వంగదు. గుళ్లో అలాగే దిగేది.

"పీకెయ్ మేస్త్రీ! కాలవలో పారేద్దాం" అన్నాడు కృష్ణారావు.

"ఆర్పకండి బాబూ. మా ఇంటిదాకా పోనివ్వండి."

"మీ ఇంటికా? వీళ్లందర్నీ ఏసుకునా?"

"అందులో మా చెల్లెలుంది."

అద్దం పక్కకు తిప్పేసి పటమట వైపు తోలాడు.

అమ్మ గడపలో ఉంది. కారు ఆగింది. ఆమె నన్ను చూడలేదు. కారు వెనక, నాకు అద్దంలో తప్ప కనపడని వాళ్ల వైపు చూసింది. కొంగు తలమీదికి లాక్కుని మోకరించింది.

"అమలమ్మ ఒక్కత్తే రాలేదురా బాలశౌరీ. ఊరంతా వచ్చింది."

"దాన్ని లోపలికి రమ్మనవే."

అమ్మ చెయ్యి చాచింది. "రావే తల్లీ" అని మెల్లగా పిలిచింది. అలా చాలాసేపు చాచే ఉంచింది. తర్వాత దించేసింది.

"రాదురా. మనమీద కాదు దాని చూపు, దీపం మీద. ఇంకా గుడికే పోతున్నామనుకుంటన్నారు వీళ్లు. ఎక్కడెక్కడ తిప్పావురా వీళ్లని! తీసుకెళ్లి ఆ గుడున్న చోటే పెట్టు."

కృష్ణారావు కారు మా వాకిట్లోనే వదిలి, వెనక్కి తిరక్కుండా రిక్షా ఎక్కి వెళ్లిపోయాడు. లైట్లు తెల్లవార్లూ వెలిగాయి. మేం తలుపు తీసుకునే కూర్చున్నాం.

తెల్లవారేసరికి బ్యాటరీ దిగి బల్బులు మినుకుమంటున్నాయి. కారు వెనక మట్టి మీద తడి ఆరి, ఉప్పు తెల్లగా తేలింది. ముందు ఒక ప్రమిదలో కొబ్బరినూనె పోసి ఒత్తి వెలిగించాను. ఆ తర్వాతే గాజు చెక్కలు ఊడదీశాను. రెంటినీ కలిపి రేకుపట్టీ బిగించి, ఆ గొట్టం దీపం మీద పెట్టాను. అమ్మ కొత్త చీర కట్టుకుని బయటికి వచ్చి, తలుపు దగ్గరికి లాగి గొళ్లెం పెట్టింది.

బస్టాండులో దివిసీమ వెళ్లే అవనిగడ్డ బస్సు ఖాళీగా ఉంది. దీపం ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాం. కండక్టరు వెనక్కి చూసి, ఇంకెవరూ లేరని తలుపు వేయబోయాడు.

"కాసేపు ఆగండి. ఎక్కుతున్నారు" అన్నాను.