మేడం చేతికే బంతి

ఆఫీసుల్లో బాస్కెట్‌బాల్ ఎలా ఆడతారో తెలియాలంటే కోకాపేటలో మా కంపెనీ పార్కింగ్ బిల్డింగు పైకప్పుకి రావాలి. మా కంపెనీ అన్నాను గానీ, నేను అక్కడ ఉద్యోగిని కాను. ఆడవాళ్ల జట్టుకి కోచ్‌ని, అదీ కాంట్రాక్టు మీద. అందరి మెడలోనూ నీలం తాడుకి ఐడి కార్డు వేలాడుతుంటే నా మెడలో విజిల్ వేలాడుతుంది.

నా పేరు భూలక్ష్మి. బాలానగర్ పిల్లని. మా నాన్న రామన్న లేత్ మిషన్ షెడ్డులో పనిచేసేవాడు. నాకు ఈ ఆట పిచ్చి పట్టిందని, షెడ్డులో మిగిలిన ఇనుప కడ్డీ ఒకటి వంచి, అందాజుగా రింగు చేసి గోడకి బిగించాడు. ఆ అందాజు కాస్త తప్పింది. బంతి చచ్చీ చెడీ దూరేది. బడిలో మొదటిసారి అసలు రింగు చూసినప్పుడు, ఇంత పెద్దదాంట్లో బంతి వేయకపోవడానికి మనుషులకేం రోగం అనుకున్నాను. ఆ పొగరుతోనే రాష్ట్రానికి ఆడాను, రైల్వేస్‌కి ఆడాను, దేశం జెర్సీ కూడా తొడుక్కున్నాను. నా స్థానం పాయింట్ గార్డ్. అంటే బంతి మోసుకొచ్చి, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి, వాళ్ల చేతిలో పెట్టే మనిషి. పెళ్లిలో వడ్డన లాంటి పని. అందరి విస్తళ్లూ చూడాలి, తన విస్తరి సంగతి ఎవరూ అడగరు. నాకది ఇష్టమే.

మోకాలు చెడిపోయాక రైల్వే వాళ్లు నన్ను టికెట్ కౌంటర్లో కూర్చోబెట్టారు. ఆ గదిలో గుండ్రంగా ఉన్న వస్తువు గోడ గడియారం ఒక్కటే. కొన్నేళ్లు దాన్నే చూశాను. ఈ కోచ్ పని దొరకగానే రాజీనామా ఇచ్చేశాను. మా అమ్మ నీలమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

"సర్కారు నౌకరి ఇడిశిపెట్టి ఆఫీసు పోరగాండ్లతోని చెండాట ఆడిపిస్తవా? నీకు దిమాక్ ఉన్నదా?" అంది.

ఉందని చెప్పడానికి నా దగ్గర ఆధారం ఏమీ లేదు. కాంట్రాక్టు ఐటీ కంపెనీల టోర్నమెంట్ అయ్యేవరకే. పొడిగించాలా, ఇంటికి పంపాలా అన్నది ఒక్క మనిషి సంతకం. ఆ మనిషి హరిత గారు. ఆఫీసులో మా జట్టు అమ్మాయిలందరికీ పైఅధికారి ఆవిడే. జట్టు కెప్టెన్ కూడా ఆవిడే.

మొదటి వారంలోనే నాకు వింతగా తోచింది. బంతి ఎక్కడ బయల్దేరినా హరిత గారి చేతిలోనే తేలేది. ట్రైనీ చేతికొస్తే సీనియర్‌కి ఇచ్చేది. సీనియర్ టీమ్ లీడ్ రాజరాజేశ్వరికి ఇచ్చేది. రాజరాజేశ్వరి హరిత గారికి సమర్పించేది. నేను ఆడినన్నాళ్లూ బంతి ఖాళీగా ఉన్నవాళ్ల దగ్గరికి పోయేది. ఇక్కడ హోదా ఉన్నవాళ్ల దగ్గరికి పోతోంది. అదీ ఊరికే కాదు. "మేడం, బాల్ తీసుకోండి మేడం" అని విన్నవించి మరీ ఇచ్చేవాళ్లు. ఆ విన్నపం పూర్తయ్యేలోగా అవతలివాళ్లు వచ్చి, బంతి తీసుకుని, అవతలి రింగులో వేసి కూడా వచ్చేయొచ్చు.

హరిత గారు షాట్ వేసేవారు. పడేది కాదు. "గుడ్ ట్రై మేడం" అని నలుగురూ ఒకేసారి అనేవాళ్లు. ఐదో గొంతు నాది.

ఆవిడ చెడ్డ మనిషైతే నా పని తేలికయ్యేది. అనంతపురం ఆవిడ. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి కోర్టు మీద పావురాల రెట్టలు తనే బకెట్‌తో కడిగేవారు. పిల్లలకి ఇడ్లీలు తెప్పించేవారు. ఆట అంటే నిజంగానే ప్రాణం ఆవిడకి. ఒకరోజు చెమట తుడుచుకుంటూ నన్ను అడిగారు.

"కోచ్, అందరూ నాకే బాల్ ఇస్తాండారంటే, నేను సరైన చోటే నిలబడతాండాననే కదా?"

"అవు మేడం. మస్తు చోట నిలబడ్డరు" అన్నాను. ఆఫీసు మొత్తం మీద అంతకంటే మంచి చోటు ఇంకొకటి లేదు మరి.

టోర్నమెంట్ మొదలైంది. తొలి మ్యాచ్ మా కంపెనీకి కాంట్రాక్టు మీద మనుషుల్ని పంపే ఏజెన్సీ వాళ్లతో పడింది. వాళ్ల బిల్లులు పాసయ్యేది హరిత గారి దగ్గరే. ఆవిడ బంతితో వస్తుంటే ఆ పిల్లలు పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. ఒకమ్మాయి నమస్తే కూడా పెట్టింది. ఎవరూ అడ్డం రాకుండా అన్నిసార్లు వేస్తే ఎవరికైనా కొన్ని పడతాయి. గెలిచాం. సెమీఫైనల్ నాటి సాయంత్రం అవతలి కంపెనీలో సర్వర్ పడిపోయింది. వాళ్ల జట్టు మొత్తం ల్యాప్‌టాప్‌ల ముందు కూర్చుండిపోయింది. ఆడకుండానే ఫైనల్‌కి వచ్చాం. నా జీవితంలో ఇంత సుఖంగా ఏ ఫైనల్‌కీ రాలేదు.

ఫైనల్ గచ్చిబౌలిలో ఒక ఇండోర్ హాల్లో జరిగింది. అవతలిది ఒక బ్యాంకు ఐటీ విభాగం వాళ్ల జట్టు. వాళ్లకి మా కంపెనీతో ఏ లావాదేవీ లేదు. వాళ్ల లెక్కలో హరిత గారు మేడం కాదు, బంతి పట్టుకున్న ఒక ఆడమనిషి, అంతే. ఆట మొదలైన కాసేపటికే ఒక పొడుగమ్మాయి వచ్చి ఆవిడ చేతుల్లోంచి బంతి లాక్కుపోయింది. హరిత గారు ఖాళీ చేతులు చూసుకుంటూ నిలబడిపోయారు. మావాళ్లేమో, దీన్ని కూడా ఒప్పుకుంటారా అన్నట్టు రిఫరీ వైపు చూశారు.

ఒప్పుకుంటారు. సగం ఆట అయ్యేసరికి ఘోరంగా వెనకబడ్డాం.

విరామంలో నాకు ఒళ్లు మండిపోయింది. మంచినీళ్ల క్యాను దగ్గర బుజ్జిని పట్టుకున్నాను. బుజ్జి జట్టులో అందరికంటే చిన్నది, ట్రైనీ, సిద్దిపేట పిల్ల. ప్రాక్టీస్ అయ్యాక ఒక్కతే ఆగి షాట్లు వేసుకుంటుంది. తప్పిపోవడం అరుదు. అది నేను ఎన్నోసార్లు చూశాను.

"ఏందే బుజ్జీ, రింగు ముంగట ఖాళీగ నిలబడి బాల్ ఎన్కకు మేడంకు ఇస్తవేంది? చేతులకు ఏమన్న అయ్యిందా?"

"వచ్చే నెల అప్రైజల్ ఉన్నది కోచ్ మేడం" అంది బుజ్జి, మెల్లగా.

"అప్రైజల్‌కు ఈ ఆటకు ఏం సంబంధమే?"

"ఏం లేదనే అనుకుందాం. మరి మీరెందుకు మేడంను ఏమంటలేరు? మీ కాంట్రాక్టు గుడ ఆమె చేతులనే ఉన్నది గద."

వెటకారంగా అనలేదు. తెలుసుకుందామనే అడిగింది. అందుకే ఎక్కువ మండింది. రైల్వేస్‌కి ఆడేటప్పుడు కెప్టెన్ ఖాళీగా లేకపోతే కెప్టెన్‌కి కూడా బంతి ఇచ్చేదాన్ని కాదు. ఆ తర్వాత డ్రెస్సింగ్ రూములో తిట్లు తిని హాయిగా నిద్రపోయేదాన్ని. అలాంటి భూలక్ష్మి ఇప్పుడు నెల జీతానికి గుడ్ ట్రై అంటోంది. నా మీద నాకే అసహ్యం వేసింది. సంతకం పోతే పోనీ అనుకున్నాను.

హరిత గారి దగ్గరికి వెళ్లాను.

"మేడం, రెండో సగం మీరు కూసోండ్రి."

"రెస్ట్ తీసుకోవాల్నా?"

"రెస్ట్ కాదు మేడం. ఆడొద్దు అంటున్న."

చుట్టూ ఉన్న పిల్లలందరికీ ఒకేసారి బూట్ల లేసులు వదులయ్యాయి. అందరూ వంగి కట్టుకోవడం మొదలుపెట్టారు. రాజరాజేశ్వరి ఒక్కతే తలెత్తింది.

"కోచ్ మేడం, పోనీ నేను కూర్చుంటానండి. మేడం గారిని ఆడనివ్వండి."

"నువ్వు ఆడాలె. ఆమె కూసోవాలె. ఇగ మాట్లాడకుండ్రి."

హరిత గారు నా వైపు చూశారు. ఆ చూపుకి ఎంతమంది ఉద్యోగులు సెలవు చీటీలు వెనక్కి తీసుకున్నారో నాకు తెలుసు. నేను మాత్రం కదల్లేదు. కదిలితే మళ్లీ ధైర్యం రాదని భయం. ఆవిడ తువ్వాలు తీసుకుని వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు.

ఇక మావాళ్లు దంచేస్తారనుకున్నాను. ఏం లేదు. ఈసారి బంతి అంతా రాజరాజేశ్వరి దగ్గరికి పోవడం మొదలైంది. హోదాలో తర్వాతి మెట్టు ఆమే కదా. తల పట్టుకుని టైమ్ అవుట్ అడిగాను.

"రాజరాజేశ్వరీ, బాల్ వస్తే జరసేపు గుడ ఉంచుకోకు. ఎవరు ఖాళీ ఉంటే వాళ్లకిచ్చెయ్."

"ఎవరు ఖాళీయో నాకెలా తెలుస్తుందండి?"

"తల తిప్పి చూడు బిడ్డా. నాలుగు దిక్కులున్నయి."

పాపం, ఆ పిల్ల ఇన్ని నెలలూ బంతి పట్టుకుని ఒకే దిక్కు చూసింది. మొదట తడబడింది. తర్వాత ఒకసారి తల తిప్పింది, మూలన బుజ్జి కనిపించింది, ఇచ్చేసింది. బుజ్జి వేసింది. పడింది. రాజరాజేశ్వరి ముఖం చూడాలి. అన్నం పెట్టినవాళ్ల ముఖంలో వెలుగు అది, నాకు బాగా తెలుసు. ఆ తర్వాత ఆమెని ఆపడం ఎవరి తరమూ కాలేదు. మేడం, బాల్ తీసుకోండి అనే విన్నపాలు పోయాయి. "ఏయ్", "ఇటు", "నీదే" అనే మాటలు వినిపించాయి. ఒక్కో షాటూ పడుతుంటే నాకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. ఆడినప్పుడు కూడా అంత కలగలేదు.

బెంచీ మీద హరిత గారు ముందుకి వంగి చూస్తున్నారు.

"కోచ్, ఈ బుజ్జి ఇట్లా ఎప్పటినుంచి ఆడతాంది?"

"మొదటిసంది మేడం."

"నేనెప్పుడూ చూడలేదే."

"ఎట్ల చూస్తరు? బాల్ ఎప్పుడు మీ చేతులనే ఉంటుండె."

ఆవిడ తువ్వాలు మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టారు.

"నాకు ఆట రాదా? నిజం చెప్పండి."

"షాట్ రాదు మేడం. పాస్ గుడ రాదు. ఉరుకుడు ఫర్వాలేదు."

"ఇన్నాళ్లూ గుడ్ ట్రై అన్నారు కదా మీరు."

"నా కాంట్రాక్టు మీ దగ్గర ఉన్నది మేడం."

"ఇప్పుడు లేదా?"

"ఇప్పుడు గుడ ఉన్నది."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు చాలా పాపం అనిపించింది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆట చివరికి వచ్చేసరికి ఒక్క పాయింటు వెనక ఉన్నాం, బంతి మాది. సరిగ్గా అప్పుడే మావాళ్లలో ఒకమ్మాయికి ఐదో ఫౌలు పడింది. ఐదు పడితే ఇక ఆడనివ్వరు, బయటికి వచ్చేసింది. ఆరుగురి జట్టులో బెంచీ మీద మిగిలింది హరిత గారొక్కరే. ఆవిడ నా వైపు చూసి, తల దించుకున్నారు.

"లేవుండ్రి మేడం" అన్నాను. "బాల్ మాత్రం ముట్టద్దు. ఆ పొడుగుపిల్ల బుజ్జిని ఇడిశిపెడ్తలేదు. మీరు పోయి ఆ పిల్లకు అడ్డం నిలబడుండ్రి, గోడ లెక్క. కదలద్దు. వచ్చి తాకితే తప్పు ఆ పిల్లదే."

"కదలకుండా నిలబడేదేనా?"

"అంతే."

"క్లయింట్ మీటింగుల్లో నేను చేసేది అదే కదా" అని లేచారు.

రాజరాజేశ్వరి బంతి పట్టుకుంది. అలవాటు ఎక్కడికి పోతుంది, కళ్లు నేరుగా హరిత గారి మీదికే వెళ్లాయి. హరిత గారు చేతులు రెండూ ఛాతీకి కట్టుకుని, వద్దని తల అడ్డంగా ఊపారు. బంతి బుజ్జికి వెళ్లింది. బుజ్జి హరిత గారి పక్కనుంచి రాసుకుంటూ మలుపు తిరిగింది. వెనకే తరుముకొచ్చిన పొడుగమ్మాయి నేరుగా వచ్చి హరిత గారిని గుద్దుకుంది. ఆ చప్పుడు నా మోకాలికి తెలిసింది. హరిత గారు వెల్లకిలా పడ్డారు. అటు బుజ్జి తీరిగ్గా వేసింది. పడింది. ఆట అయిపోయిందని బజర్ మోగింది.

పిల్లలు నలుగురూ ఒకరి మీద ఒకరు పడ్డారు. రాజరాజేశ్వరి అయితే హరిత గారి కాళ్ల మీంచి దూకి మరీ బుజ్జి దగ్గరికి పరిగెత్తింది. బుజ్జిని ఎత్తుకుని గిరగిరా తిప్పుతున్నారు. నేనే కుంటుకుంటూ కోర్టులోకి వెళ్లి హరిత గారికి చెయ్యి అందించాను.

"చూసినారా కోచ్" అన్నారు ఆవిడ, నేల మీదినుంచే. "నన్ను లేపడానికి ఒక్కరూ రాలే."

ఫిర్యాదు అనుకున్నాను. వంగి చూస్తే ముఖమంతా నవ్వే.

"లేవుండ్రి మేడం."

"ఉండండి. రేపు పొద్దున ఈ అడ్డం నిలబడేది సరిగ్గా నేర్పియ్యాల నాకు."

"నా కాంట్రాక్టు ఇయ్యాల్టితోని అయిపోయింది మేడం."

"అదంతా నేను చూసుకుంటాలే. ముందు మీరు కొంచెం పక్కకి జరగండి. వాళ్లు కనపడటం లేదు."

నేను పక్కకి జరిగాను.