గేటు దగ్గర లేని కుర్చీ

నేను ఒక చక్రాల కుర్చీని. ఆసుపత్రి కుర్చీని. కుర్చీ కోసం కొట్టుకు చచ్చే ఈ లోకంలో నా మీద కూర్చోవాలని మాత్రం ఎవరూ కోరుకోరు. కూర్చున్నవాళ్ళు కూడా ఎప్పుడు లేచి పోదామా అనే చూస్తారు. దానికి నేనేం నొచ్చుకోను. లేచి నడిచి వెళ్ళేవాళ్ళ వీపు చూడడమే నాకు జీతం.

విశాఖపట్నంలో ఒక వెల్డింగ్ షెడ్డులో పుట్టాను. నా గొట్టాలు అతికినవాడు వేరు, ఆటో సీట్లు కుట్టే చేత్తోనే నాకు రెక్సిన్ కుట్టినవాడు వేరు. ముందున్న ఎడమ చక్రానికి పుట్టుకతోనే కొంచెం మొండితనం. నేను తిన్నగా పోదామంటే అది గోడవైపు లాగేది. ఒక కలప డిపో యజమాని వాళ్ళమ్మ జ్ఞాపకార్థం నన్ను కొని ఉత్తరాంధ్రలో ఒక చిన్న ఊరి ఆసుపత్రికి దానమిచ్చాడు. నా వీపు మీద తల్లి పేరు చీమ తలకాయంత, కొడుకు పేరు గుమ్మడికాయంత రాయించాడు. కొబ్బరికాయ కొట్టారు, బొట్టు పెట్టారు. ఫొటో కోసం సూపరింటెండెంటు గారు నాలో కూర్చుని, ఫొటో తీయగానే ఏదో కుట్టినట్టు లేచి శివశివా అనుకున్నారు.

ఆ తర్వాత ఆయన గదిలోనే ఓ మూల ప్లాస్టిక్ కవరు కప్పి ఉంచారు. పెద్దలు తనిఖీకి వస్తే చూపించాలి కదా! కిటికీ బయట జబ్బు మనుషులను భుజాల మీద వేసుకుని మోసుకుపోతుంటే, నేను లోపల పెళ్ళికూతురిలా ముసుగులో కూర్చున్నాను.

ఆ ముసుగు లాగి పారేసింది నూకరత్నం. ఆడవాళ్ళ ఆపరేషన్ వార్డులో ఆయా. ఆ రోజు వాళ్ళ వార్డులో ఆపరేషన్ అయిన ఒకామె గోడ పట్టుకుని బాత్రూముకు నడుస్తూ పడిపోయింది. కుట్లు విడిపోయాయి. నూకరత్నం ఆమెను మంచం మీద చేర్చి, చీరకైన మరకలు కడుక్కోకుండానే సూపరింటెండెంటు గదిలోకి వచ్చింది.

"ఆడకూతుళ్ళు పడిపోతంటే ఈ కుర్సీకి ముసుగేటి బాబూ?" అంది. ఆయన జవాబు చెప్పేలోపే నన్ను తోసుకుంటూ పోయింది.

అలా నేను ఆ వార్డు దాన్ని అయ్యాను. వీపు మీద కలప డిపో ఆయన పేరు చెరిపి వార్డు పేరు రాశారు. సైకిల్ గొలుసుతో కిటికీ ఊచకు కట్టేశారు. తాళంచెవి నూకరత్నం కొంగు ముడిలో ఉండేది. ఇది ఆమె ఒక్కతే చేసిన పని కాదు. ఆ ఆసుపత్రిలో ప్రతి వార్డుకీ తన కుర్చీ తనకే. పశువులను గుంజకు కట్టినట్టు కుర్చీలన్నీ కిటికీలకు కట్టి ఉండేవి. బయట నుంచి ఎవరైనా వచ్చి అడిగితే అన్ని వార్డులూ చెప్పేది ఒకటే మాట. "ఇక్కడ లేదు, పక్క వార్డులో చూడండి."

కానీ నూకరత్నం చేతిలో నేను సుఖంగానే ఉన్నాను. కుట్లు ఒరుసుకోకుండా సీటు మీద పాత దుప్పటి మడిచి వేసేది. నా మొండి చక్రానికి కొబ్బరినూనె పోసి, "నడువే నా తల్లీ" అని బుజ్జగించేది. ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళకు తల దువ్వి జడ వేసేది. ఆమె నన్ను "మా కుర్సీ" అన్నప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. దానమిచ్చినవాడు కూడా నన్ను మాది అనలేదు మరి.

కొన్నాళ్ళకు సిస్టర్ సుగుణమణి హెడ్ నర్సుగా బదిలీ మీద వచ్చారు. వచ్చిన కొత్తలో ఆమె కుర్చీలో కూర్చోనే లేదు. గేటు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి రోగి వెనకా నడిచేవారు. ఎక్కడ ఆగుతున్నారు, ఎందుకు ఆగుతున్నారు అని చూసేవారు. ఈవిడకు పనేం లేదా అని అందరూ నవ్వుకున్నారు. చివరికి ఆమెకు తేలిందేమిటంటే, ఆలస్యం డాక్టర్ల దగ్గర కాదు. రోగిని గేటు దగ్గర నేల మీద కూర్చోబెట్టి, చుట్టాలు కుర్చీ కోసం వార్డు వార్డుకూ తిరగడంలోనే పుణ్యకాలం కాస్తా గడిచిపోతోంది.

మీటింగు పెట్టారు. "కుర్చీలన్నీ గేటు దగ్గరే ఉండాలి. దేని మీదా వార్డు పేరు ఉండకూడదు. ఎవరు తీసుకుంటే వాళ్ళు తిరిగి అక్కడే పెట్టాలి. అంతకన్నా ఏమీ లేదు" అన్నారు సుగుణమణి. అందరూ బాగుందన్నారు, టీ తాగారు, బిస్కెట్లు తిన్నారు. మర్నాడు ప్రతి వార్డు నుంచీ కుర్చీ వచ్చింది. వచ్చినవన్నీ కుంటివీ గుడ్డివే! మంచివి మాత్రం ఏ వార్డులోవి ఆ వార్డులోనే ఉండిపోయాయి.

సుగుణమణి కోప్పడలేదు. ఆ కుంటివాటినే బాగు చేయించి, పసుపు రంగు వేయించి, పోర్టికో కింద నేల మీద పసుపు గీతలు గీయించి వరుసగా నిలబెట్టారు. సంక్రాంతి కాకుండానే ముగ్గులేంటని కాంపౌండర్లు వేళాకోళం చేశారు. అయితే జనం ఆటో దిగగానే కుర్చీ దొరకడం మొదలైంది. అది చూసి ఒక్కొక్క వార్డూ సిగ్గుపడి దాచుకున్నది తెచ్చి ఇచ్చేసింది.

ఒక్క నూకరత్నం ఇవ్వలేదు. "అందరిదీ అంటే ఎవలిదీ కాదమ్మా. రేపు నా ఆడకూతురు పడిపోతే ఆ పసుపు గీత వచ్చి లేపుతాదేటి?" అని వార్డులో వాళ్ళతో అనేది. అటక మీది విరిగిన కుర్చీ ఒకటి గేటుకు పంపి, నన్ను దుప్పట్ల గదిలో పెట్టి పైన గుడ్డ కప్పింది. సిస్టర్ రౌండ్సు అయిపోగానే బయటికి తీసేది. వార్డులో ఆడవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఒక్కరూ బయటపెట్టలేదు. నూకరత్నం ఉండబట్టి బతికామని చేతులెత్తి దండం పెట్టేవారు. నన్ను తోసినందుకు ఆమె ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. తన వాళ్ళు పడిపోకూడదు, అంతే ఆమెకు కావలసింది. పడిపోయినవాళ్ళను కళ్ళారా చూసింది కదా.

ఒక సంత రోజు మధ్యాహ్నం. సంతకు వచ్చిన జనమంతా పనిలో పనిగా ఆసుపత్రికీ వస్తారు. గేటు దగ్గరి కుర్చీలన్నీ లోపలికి వెళ్ళిపోయాయి. దుప్పట్ల గది కిటికీలోంచి నాకు పోర్టికో, లోపలికి ఎక్కే ఏటవాలు దారి కనిపిస్తాయి. ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి లింగరాజనే జాలరి కుర్రాడు దిగి, భార్యను దించాడు. ఆమె పేరు దమయంతి. నిండు కడుపుతో ఉంది. చీర కుచ్చిళ్ళు నెత్తుటితో తడిసిపోయి ఉన్నాయి.

సుగుణమణి పరుగెత్తుకొచ్చి పసుపు గీతల వైపు చూశారు. గీతలే ఉన్నాయి. అటెండరును వార్డుల మీదికి తరిమారు. అతను మా గుమ్మం దగ్గరకు వచ్చాడు. నూకరత్నాన్ని అందరిలాగే అతనూ అప్పా అని, అంటే అక్కా అని పిలిచేవాడు.

"అప్పా, కుర్సీ ఉందేటి? గేటు కాడ ఒక్కటీ నేదు. కడుపుతోటి మనిసి, రగతం పోతంది."

నూకరత్నం అప్పుడు థియేటరు నుంచి రాబోయే మనిషి కోసం మంచం సర్దుతోంది. ఆ మనిషిని తెచ్చుకోవడానికి నేను కావాలి. ఆమె దుప్పట్ల గది తలుపు వైపు ఒకసారి చూసింది. నేను గుడ్డ కింద నుంచి ఆమెనే చూస్తున్నాను.

"నేదు నాయినా. పక్క వార్డులో సూడు" అంది.

ఏళ్ళ తరబడి అందరి నోటా నలిగిన మాట. ఆమె నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. అతను పరుగెత్తాడు. నాకు చక్రాలున్నాయి. ఎవరైనా తోస్తే తప్ప అవి తిరగవు. ఆ రోజు నన్ను నేను తిట్టుకున్నంతగా నన్ను ఏ తుప్పూ తినలేదు.

కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. లింగరాజు ఆమెను చేతుల మీద ఎత్తుకుని ఏటవాలు ఎక్కాడు. సగం దారిలో అతని పట్టు సడలింది. పడేస్తానేమోనని భయపడి అక్కడే నేల మీద పడుకోబెట్టాడు. సుగుణమణి కూలబడి ఆమె తలను ఒళ్ళో పెట్టుకుని కేకలు వేస్తున్నారు. చివరికి ఎవరో దుప్పటి తెస్తే, నలుగురు నాలుగు మూలలూ పట్టుకుని మోసుకుపోయారు.

ఆపరేషన్ చేశారు. దమయంతి బతికింది. ఆడపిల్ల, కడుపులోనే పోయింది. డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ, "ఇంకాస్త ముందు చేరి ఉంటే... ఏమో" అన్నారట. ఆ ఏమో దగ్గరే నేను ఆగిపోయాను. నేను వెళ్ళి ఉంటే ఆ పిల్ల బతికేదా? డాక్టరమ్మకే తెలియదు, నాకేం తెలుస్తుంది. బతికేది కాదని ఎవరైనా గట్టిగా చెబితే ఎంత బాగుండేది!

ఆపరేషన్ అయినవాళ్ళు వచ్చేది మా వార్డుకే. దమయంతినీ అక్కడికే తెచ్చారు. ఆమె ఎవరో నూకరత్నానికి వెంటనే తెలియలేదు. మంచం పక్కన కూర్చుని లింగరాజు, "కుర్సీ కోసం అన్ని వార్డులూ అడిగారంట, ఎక్కడా నేదంట" అని చెబుతుంటే, నీళ్ళ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

మూడో నాటికి దమయంతికి పాలు పడ్డాయి. తాగే బిడ్డ లేదు. రొమ్ములు రాళ్ళయిపోయి ఆమె ఏడుస్తుంటే, నూకరత్నం సొంత డబ్బుతో మల్లెపూలు కొనుక్కొచ్చి, పాలు ఇగిరిపోవడానికి రొమ్ముల మీద పరిచి గుడ్డతో బిగించి కట్టింది. పూలు మార్చినప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునేది. ఆ వార్డంతా మల్లెపూల వాసన. ఆ వాసన అంటే నాకు అప్పటి నుంచీ దుఃఖమే.

ఇంటికి పంపే రోజు నూకరత్నమే నన్ను బయటికి తీసింది. గుడ్డ కప్పకుండా, అందరూ చూస్తుండగా. ఖాళీ ఒడితో దమయంతి నాలో కూర్చుంది. గేటు దగ్గర దిగుతూ నూకరత్నం చెయ్యి పట్టుకుంది.

"అప్పా, అమ్మ కన్నా ఎక్కువ సేసినావు. ఆ దినం గేటు కాడ నీలాటి మనిసి ఒక్కలుంటే నా ఆడగుంట బతికీది."

నూకరత్నం చెయ్యి విడిపించుకుని ఆమెను ఆటో ఎక్కించింది. ఆటో వెళ్ళిపోయాక నన్ను వెనక్కి తోసుకుపోలేదు. పసుపు గీతల మధ్య ఖాళీలో నిలబెట్టి, పక్కనే ఉన్న సుగుణమణితో, "అమ్మా, ఆ దినం కుర్సీ ఉంది. నా కాడే ఉంది. నానే నేదన్నాను" అంది.

 సుగుణమణి కళ్ళు ఏటవాలు దారి మీదే ఉన్నాయి.

"ఆ పిల్లకి చెప్పేత్తానమ్మా. ఊరెల్లి కాళ్ళ మీద పడతాను" అంది నూకరత్నం.

"వద్దు. కుర్చీ లేదనుకుంటే ఆ పిల్ల ఎలాగో ఓర్చుకుంటుంది. ఉండి ఇవ్వలేదని తెలిస్తే ఓర్చుకోలేదు. నీ బరువు దించుకోవడానికి ఆమె నెత్తిన పెట్టకు, నూకరత్నమ్మా" అన్నారు సుగుణమణి. కఠినంగానే అన్నారు. తర్వాత లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు.

నాకు పసుపు రంగు వేశారు. నూకరత్నం అడిగి మరీ గేటు డ్యూటీ వేయించుకుంది. ఆటో చప్పుడు వినపడితే చాలు, అది ఆగకముందే నాతో పరుగెత్తేది. మా పద్ధతి పేరు చుట్టుపక్కల మారుమోగిపోయింది. వేరే ఆసుపత్రుల వాళ్ళు వచ్చి పసుపు గీతలు కొలుచుకుని, నాకు ఫొటోలు తీసుకుని, బ్రహ్మాండం అన్నారు. గీతలు గీస్తే సరిపోతుందనుకుని వెళ్ళారు పాపం.

మరుసటి ఏడాదో, ఆపై ఏడాదో దమయంతి మళ్ళీ వచ్చింది. ఈసారి నొప్పులతో. ఆటోలోంచే "మా అప్ప ఏది?" అని అడిగింది. నూకరత్నం అప్పటికే ఆటో పక్కన ఉంది. ఆ రోజు నా మొండి చక్రం కూడా మారు మాట్లాడకుండా తిన్నగా పరుగెత్తింది. సుఖంగా కాన్పు అయింది. ఆడపిల్ల. ఆసుపత్రి అదిరిపోయేలా ఏడ్చింది.

ఇంటికి వెళ్ళేటప్పుడు మళ్ళీ నాలోనే కూర్చుంది దమయంతి. ఈసారి ఒడిలో బిడ్డ ఉంది. పిట్టంత బరువు. అయినా అంత బరువు నేనెప్పుడూ మోయలేదు. పోర్టికోలో సుగుణమణి నిలబడి ఉన్నారు.

"అప్పా, ఇరవయ్యొకటో దినాన పేరెడతాం. మా అత్తా, మా మావా కూడా ఒప్పుకున్నారు. నీ పేరే. రత్నం" అంది దమయంతి.

నన్ను తోసే చేతులు ఆగిపోయాయి.

"నా పేరొద్దు తల్లీ" అంది నూకరత్నం. "ఏదైనా మంచి పేరు ఎట్టుకో."

"నీ పేరు కన్నా మంచి పేరు ఇంకేటుంటాదప్పా!" అని దమయంతి నవ్వింది. ఒద్దికకు అంటోందనుకుంది.

నూకరత్నం నోరు తెరిచింది. సుగుణమణి వైపు చూసింది. సిస్టర్ తల అడ్డంగా ఊపారు, కనిపించీ కనిపించనట్టు. నూకరత్నం నోరు మూసుకుంది. వంగి బిడ్డ కాళ్ళ మీద గుడ్డ సరిచేసి, నన్ను ఆటో దాకా తోసింది. 

ఇప్పుడు నేను విరిగిన మంచాలతో పాటు వెనక రేకుల షెడ్డులో ఉన్నాను. సముద్రం ఒడ్డున ఎక్కడో ఒక తల్లి రోజూ రత్నం, రత్నం అని ప్రేమగా పిలుస్తూ ఉంటుంది. అలా పిలిచేటప్పుడు మా నూకరత్నాన్ని తలుచుకుని దండం పెట్టుకుంటుంది కూడా. పెట్టుకోనీ. ఆ తల్లికి ఎప్పటికీ ఏమీ తెలియకూడదు.