గాసి తాత ముడేసిన పెళ్ళి

ఫల్గుణకి పెళ్ళయినట్టు నమ్మకం కుదరడం లేదని కెనడా వీసా ఆఫీసు వాళ్ళు రాశారు. ఊరు ఊరంతా సామ అన్నం తిని, థింసా ఆడి చేసిన పెళ్ళికి నమ్మకం కుదరలేదట! ఎందుకు కుదరలేదో వినండి.

అతని భార్య కృపావతి నర్సింగు చదివిన పిల్ల. సర్కారు స్కాలర్‌షిప్పు మీద కెనడాలో రెండేళ్ళ పెద్ద చదువుకి వెళ్ళింది. చదువుకునేవాళ్ళు కాలేజీ బయట వారానికి ఇరవైనాలుగు గంటలే పని చెయ్యాలి. ముసలాళ్ళ హోములో పక్కలు మారుస్తోంది. అలాంటి చదువు చదివేవాళ్ళ మొగుడికి మాత్రం పూర్తి పని పర్మిట్టు ఇస్తారు. ఫల్గుణ ఐటీఐ ఎలక్ట్రీషియను. ఆరేళ్ళు సీలేరు కరెంటు ప్రాజెక్టులో కాంట్రాక్టరు కింద చాకిరీ చేశాడు. పర్మినెంటు మాట ఎత్తగానే గేటు బయట పడ్డాడు. ఆ పర్మిట్టు మీదే ఇద్దరి బతుకూ ఆనుకుంది.

గూడెం కొత్తవీధిలో బోర్డు కట్టిన వీసా ఏజెంటు సర్వేశ్వరరావు మేరేజీ సర్టిఫికేట్ అడిగాడు. కొండమీద పెళ్ళికి కాయితమేది? ఊరి పెద్ద గాసి తాత ఇద్దరి చిటికెన వేళ్ళూ ముడేస్తాడు, ఊరు సాక్షి, అంతే.

"అదంతా నే చూసుకుంటా. ఇక్కడ సంతకం పెట్టు," అన్నాడు ఏజెంటు.

ఫల్గుణ పెట్టేశాడు. కాయితం అడిగినోడికి ఏదో ఒక కాయితం పడేస్తే చాలనుకున్నాడు, చదవలేదు. అందులో దిగువ ఊరి గుళ్ళో, వేరే తారీఖున పెళ్ళి! కృపావతి తన అప్లికేషన్లో అసలు తారీఖు రాసింది. రెండూ కలవలేదు. ఆమెకీ నోటీసు వచ్చింది. పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే చదువు పోతుంది, అయిదేళ్ళ దాకా ఇద్దరికీ ఆ దేశం తలుపు మూతే.

"ఆ దొంగ కాయితం తనే పుట్టించానని ఆ ఏజెంటు రాసియ్యాలి మావా," అని ఫోన్లో ఏడ్చింది కృపావతి. "ఇక్కడ నా సేతుల్లో ఏటీ నేదు."

తొమ్మిది రోజులు ఏజెంటు గుమ్మం తొక్కాడు ఫల్గుణ. రేపు రా, ఎల్లుండి రా. పదో రోజున కాఫీ తోటలో పళ్ళు కోసే బుట్టలు అక్కడే దించేసి ఊరు కొండ దిగింది.

"పెళ్ళయిందని రుజువేది?" అని ఎదురడిగాడు సర్వేశ్వరరావు, సిగ్గు లేకుండా.

కాఫీ కోతల ఆడోళ్ళ మేస్త్రి నూకరత్నం వెనక్కి చెయ్యి చూపించింది. వందమంది. "ఈళ్ళే రుజువు. ఆ పెళ్ళన్నం తిన్నోళ్ళం."

"వీళ్ళు కెనడాలో చెల్లరు."

"ఇక్కడ సెల్లుతాం గదా! రాయి. నీ సేత్తో రాయి!"

అతను ఫోను తీశాడు. రాయడానికి కాదు. పావుగంటలో పోలీసు వేను వచ్చింది. ఎస్సై కాయితం మాటే వినలేదు. ఆఫీసు మీద దౌర్జన్యమని ఫల్గుణ రెక్క పట్టుకున్నాడు. కానిస్టేబులు అతని ఫోను లాక్కున్నాడు. ఇవాళ్టితో గడువు సరి, ఆమెకేం చెప్పాలి? తన సంతకమే కదా పెళ్ళాం మెడకి చుట్టుకుంది!

అప్పుడు గాసి తాత కర్ర ఊతంతో వేను మెట్టెక్కాడు.

"ఎక్కడికిరా ముసలోడా?" అన్నాడు ఎస్సై.

"ముడేసింది నేను. అబద్దమైతే ముందు నన్నట్టుకెళ్ళండి."

వెనకే పదిమంది ఎక్కేశారు. వేను నిండిపోయింది. మిగిలినవాళ్ళు స్టేషను దారి పట్టారు. ఆఫీసు లోపల వంతు కోసం కూర్చున్న సోని అనే గుంట బల్ల మీద తన ఫైలు తీసి విప్పింది. చదివింది. "నాకూ ఏదో గుళ్ళో పెళ్ళి సేసేసినాడు! నాకింకా పెళ్ళే అవ్వనేదు!" అని అరుస్తూ బయటికొచ్చింది. లోపలున్నవాళ్ళందరూ ఎవరి ఫైళ్ళు వాళ్ళు లాక్కున్నారు.

కానిస్టేబులు చేతిలో ఫోను మోగింది. కృపావతి. నూకరత్నం చటుక్కున అందుకుంది.

"ఆడు రాయనేదే తల్లీ," అంది. "నీ మొగుణ్ణి అట్టుకెళ్తన్నారు. ఊరు కూడా ఎల్తంది. ఇంటన్నావా? ఇది మన అడుగుల సప్పుడే."