పోపు గరిటెలో సీసం

మా ఇంట్లో తామరకి రేషన్ కార్డొక్కటే తక్కువ. మా ఆయన పాపారావు గారి నడుం చుట్టూ కాపురం పెట్టి రెండేళ్ళు దాటింది. మందు రాసినన్నాళ్ళు ఎటో పెళ్ళికి వెళ్ళినట్టు వెళ్తుంది. మాత్రలు అయ్యీ అవగానే గజ్జల్లోకి, మెడ మీదికి సామాను సర్దుకుని వచ్చేస్తుంది. నేను రాజోలు దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్తాను. పొద్దున్నే లేచి ఆయన బట్టలు విడిగా ఉడకబెట్టి, తిరగేసి ఆరేసి, ఇస్త్రీ చేసి, అప్పుడు బడికి పరిగెత్తాలి. ఆయనగారు మాత్రం కరెంటాఫీసులో ఫ్యాను కింద గోక్కుంటూ కూర్చుంటారు.

ఈ ఏడు నా తొందర వేరే. మా ఒక్కగానొక్క కూతురు జాయ్‌కి ఆరో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి కాబట్టి ఏడో నెల రాగానే రాజమండ్రి నుంచి తీసుకురావాలి. పురిటి బిడ్డని ఒళ్ళంతా తామరున్న తాత చేతుల్లో ఎలా పెట్టను? పిల్ల గుమ్మంలో కాలు పెట్టేలోపు ఈ తామరని గెంటెయ్యాలని పట్టుబట్టాను.

ఆయనకున్న పట్టల్లా చేపల మీదే. ఆదివారం గుడిలో పాస్టరు గారు ఆఖరి ఆశీర్వాదం ఇస్తుంటే అందరూ తలలు వంచుకుంటారు. ఆయన తలా వంచే ఉంటుంది, కాళ్ళు మాత్రం అప్పటికే కాలవ వైపు తిరిగి ఉంటాయి. కొన్న వల విసరడం ఆయనకి నామోషీ. దారం తెచ్చి తనే అల్లుతారు. వల అంచుకి బరువు కోసం కట్టే సీసపు గుళ్ళు కూడా తనే పోస్తారు. పాత సామాన్ల కొట్టు నుంచి పగిలిన బ్యాటరీల సీసం తెచ్చి, నా వంటింట్లో, నా పొయ్యి మీద, నా పోపు గరిటెలో కరిగిస్తారు. ఇసకలో గీసిన గాడిలో పోసి, చల్లారాక సుత్తితో చదును చేసి, ముక్కలు కోస్తారు. ఒక్కో ముక్కనీ వల అంచు తాడు చుట్టూ మడిచి, నోట్లో పెట్టుకుని పళ్ళతో కరిచి బిగిస్తారు. పటకారుతో నొక్కితే తాడు నలిగిపోతుందట. ఎంత నొక్కాలో పంటికే తెలుస్తుందట.

ఆ కబురు ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పాలి. "మా తాత కరిచేడండి, మా నాన్న కరిచేడు. మా జాయ్ అయితే ఆరేళ్ళప్పుడే నా పక్కన కూచుని కరిచేది. అది బిగించిన గుండు ఒక్కటి ఊడితే ఒట్టండి." పాల పళ్ళు ఊడిపోయి బోసినోటితో ఉన్నప్పుడు కూడా దవడ పంటితో కరిచిందని చెప్తూ ఆయన నవ్వుతారు. ఆ మాట విని విని నాకు విసుగొచ్చింది. ఇప్పుడు పుట్టబోయే బిడ్డ కోసం ఒక బుల్లి వల అల్లడం మొదలుపెట్టారు. పుట్టని బిడ్డకి వలేవిటని అడిగితే, "వాడు పెరగడా ఏంటే" అన్నారు.

తామర సంగతికొస్తే, మొదటి ఏడాదంతా మెడికల్ షాపు జీవన్ వైద్యం నడిచింది. జీవన్ మా ఆయనతో పాటు సండే స్కూల్లో చదువుకున్నవాడు. రాసిన రోజే దురద పోయే ఏదో ట్యూబు ఇచ్చేవాడు. అది దురదని పోగొట్టి మచ్చని పెంచింది. నెత్తీ నోరూ కొట్టుకుని అమలాపురంలో చర్మం డాక్టరు ఉమాదేవి గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ ఆ ట్యూబు మాన్పించి, మాత్రలు పెట్టి, షుగరు చూశారు, లేదు. ఇంకో పరీక్ష కూడా రాశారు. అది ఎయిడ్స్ పరీక్షని తెలిశాక మా ఆయన పది రోజులు నాతో మాట్లాడలేదు, రాసింది నేనైనట్టు. అందులోనూ ఏమీ లేదు. మాత్రలు నాగా లేకుండా వేశారు, నేను ఎదురుగా నిలబడి వేయించాను. అయినా వానలు పడేసరికి తామర వచ్చేసింది. దాంతో పాటు నాలిక మీద తెల్లటి పూత కూడా.

ఆ పూత చూసి డాక్టరు గారు కలం కింద పెట్టేశారు.

"ఈ వయసులో, షుగరు లేకుండా నోట్లో ఇలాంటి పూత ఊరికే రాదండీ. ఇదీ తామరా రెండూ బూజు జబ్బులే. మీ ఒంట్లో బూజుతో పోట్లాడే శక్తి ఎక్కడో తగ్గిపోతోంది. మీ పనేంటండీ?"

"కరెంటాఫీసండీ. కుర్చీలో కూచునే పనండీ" అన్నారు మా ఆయన.

"రంగులు, బ్యాటరీలు, పురుగుమందులు, అలాంటివాటితో ఏమన్నా పనుందా?"

"అబ్బే, లేదండీ."

నాకు ఒళ్ళు మండింది. రోగం గురించి కాదు, గరిటె గురించి. అంతకు ముందు రోజే పప్పులో పోపు పెట్టబోతే గరిటె అడుగున బూడిద రంగు తెట్టు కనిపించింది. "లేకపోవడమేంటండీ? నా పోపు గరిటెలో సీసం కరిగిస్తారు డాక్టరు గారూ. వల గుళ్ళు చేసి నోట్లో పెట్టుకుని కరుస్తారు. ఇల్లంతా పొగ. అడిగితే తోమి పెట్టేను కదా అంటారు" అని, చుట్టాల ఇంట్లో మొగుడి మీద చెప్పుకున్నట్టు చెప్పేశాను.

ఆయన నా వైపు ఉరిమి చూశారు. డాక్టరు గారు మాత్రం కుర్చీ ముందుకి లాక్కున్నారు.

"ఆ గరిటెతోనే పోపు పెడతారా అమ్మా?"

"ఆయ్, తోమేకేనండి" అన్నాను. అలా అంటున్నప్పుడే నా గొంతు నాకే తేడాగా వినిపించింది.

మా ఇద్దరి రక్తం తీసి హైదరాబాదు పంపారు. ఫలితం వచ్చేసరికి జాయ్‌ని తీసుకురావడానికి కారు మాట్లాడేశాను. ఆయన రక్తంలో సీసం ఉండకూడనంత ఉంది. నా రక్తంలోనూ ఉంది, ఆయనంత కాదు. పాతికేళ్ళుగా నేను పెట్టిన కమ్మటి పోపులన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి.

"సీసం ఒంట్లో చేరితే, బూజుని పట్టుకుని మింగేయాల్సిన కణాలు మందకొడిగా తయారవుతాయి" అన్నారు ఉమాదేవి గారు. "మీ తామరకి ఇదొక్కటే కారణమని నేను కాగితం మీద రాసివ్వలేనండీ. ఆ ట్యూబు చేసిన చెడూ ఉంది. కానీ ఇన్ని మందులకీ లొంగడం లేదంటే దీన్ని వదిలేసి లాభం లేదు. ముందు సీసం ఇంట్లోంచి పోవాలి."

మా ఆయన నవ్వారు. ఆ నవ్వుంటుందే, బడిలో ఎక్కం తప్పు చెప్పి మేష్టారినే అనుమానంగా చూసే పిల్లాడి నవ్వు. "సీసం ఉన్నట్టు నాకెక్కడా బరువుగా లేదండీ. మా వైపు వల విసిరే వాళ్ళందరూ కరుస్తారండీ. మా నాన్న ఎనభై ఏళ్ళు బతికేడు."

"ఆ ఎనభైలో ఆఖరి పదేళ్ళు గ్లాసు పట్టుకోలేక చేతులు వణికేవి. అది చెప్పరేం?" అన్నాను.

"అది ముసలితనమే."

"ఒక పటకారు కొనుక్కోండి. నేనే కొనిస్తాను."

"పటకారుకేం తెలుసే? ఆరేళ్ళ పిల్లకి తెలిసినంత కూడా తెలీదు. మా జాయ్ చూడండి డాక్టరు గారూ, ఆరేళ్ళప్పుడే నా పక్కన కూచుని…"

అక్కడ ఆగిపోయారు. ఎన్నో వందల సార్లు విన్న మాట అది. ఏనాడూ మధ్యలో ఆగింది లేదు.

"జాయ్ ఎవరండీ?" అన్నారు డాక్టరు గారు.

"మా అమ్మాయండి. ఏడో నెల. రేపే పురిటికి తీసుకొస్తున్నాం" అన్నాను నేను.

ఆవిడ కొంచెంసేపు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. తర్వాత మెల్లగా చెప్పారు. చిన్నప్పుడు మింగిన సీసం ఎముకల్లో ఏళ్ళ తరబడి దాక్కుంటుందట. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ ఎముకల కోసం తల్లి ఎముకలు కరుగుతాయి కదా, వాటితో పాటు అదీ రక్తంలోకి వస్తుందట, బిడ్డకి చేరుతుందట. అందరికీ ప్రమాదమవుతుందని కాదు, పరీక్ష చేయించాలి, కాల్షియం, ఐరన్ జాగ్రత్తగా వాడించాలి. "ఇల్లు బాగుచేసేదాకా మాత్రం ఆ అమ్మాయిని అక్కడికి తీసుకురాకండి. పొయ్యి దగ్గర, అరుగు మీద, దుమ్ములో కూడా ఉంటుంది."

అమలాపురం నుంచి బస్సులో వస్తున్నాం. రెండేళ్ళుగా దాచుకున్న తిట్లన్నీ నా నాలిక చివరే ఉన్నాయి. పక్కకి చూస్తే ఆయన బుగ్గ లోపల పళ్ళతో కొరుక్కుంటున్నారు. తిట్టబుద్ధి కాలేదు. అది కూడా కోపంగానే ఉంది నాకు, తిట్టడానికి కూడా వీల్లేకుండా చేసినందుకు.

జాయ్‌కి ఫోన్ ఆయనే చేస్తానన్నారు. చేశారు. "ఎలా ఉన్నావమ్మా, భోంచేసేవా" దగ్గరే తిరుగుతున్నారు. అవతల నుంచి అది, "డాడీ, బుల్లి వల అయ్యిందా? గుళ్ళు నాక్కొన్ని ఉంచు, వచ్చేక నేను బిగిస్తాను" అంది. ఆయన ఫోన్ నా చేతిలో పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయారు. చెప్పాల్సిందంతా నేనే చెప్పాను. అంతా విని అది, "డాడీని ఏమీ అనకమ్మా" అంది. అందరూ నాకే చెప్తారు.

తెల్లారాక చూస్తే ఆయన పొయ్యి గట్టుని తడిగుడ్డతో తుడుస్తున్నారు. సీసం ముక్కలు, సుత్తి, పాత వలలు, పోపు గరిటె, అన్నీ ఒక ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూత బిగించేశారు. బుల్లి వల కూడా అందులోనే వేశారు. అది గుళ్ళు కట్టకుండా ఉంచుకోవచ్చు కదండీ అన్నాను. తల అడ్డంగా ఊపారు.

కాన్పు రాజమండ్రిలోనే జరిగింది. జాయ్ రక్తంలో సీసం కొద్దిగా ఎక్కువే ఉంది. మందులతో, పరీక్షలతో కనిపెట్టి చూశారు. ఆడపిల్ల పుట్టింది. కాస్త తూకం తక్కువ, మిగతా అంతా బాగుంది, ఎదిగే కొద్దీ చూసుకుంటూ ఉండాలన్నారు. మా వియ్యపురాలు అమ్మాజీ గారు మాత్రం, "తొలి కాన్పుకి పిల్లని తీసుకెళ్ళని పుట్టింటిని ఇప్పుడే చూస్తున్నానండీ" అని వచ్చిన వాళ్ళందరి ముందూ అన్నారు. ఇంట్లో సీసముందని చెప్తే, "మా ఇంట్లోనూ ఇనుముందండీ" అన్నారు.

ఆయన తామర అప్పటికి చాలావరకు తగ్గింది. మందుల వల్లో, సీసం మానేయడం వల్లో, రెండిటి వల్లో ఉమాదేవి గారే తేల్చలేదు, నేనెక్కడ తేలుస్తాను? నడుం మీద గోధుమ రంగు మచ్చ ఒకటి మిగిలింది.

బిడ్డని చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆయన గుమ్మం దగ్గర నుంచే పంపు కోసం వెతుక్కున్నారు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నారు. మంచం అంచున కూర్చున్నాక జాయ్ బిడ్డని ఒళ్ళో పెట్టింది. ఆ చంటిది ఆయన వేలు పట్టుకుంది. పిడికిట్లో బిగించి, చంటిపిల్లలందరూ చేసినట్టే, నోటి దగ్గరికి లాక్కుంది.

ఆయన చటుక్కున వేలు వెనక్కి తీసుకున్నారు. బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. జాయ్, "ఏం కాదు డాడీ, ఇవ్వు" అంటోంది. ఆయన చేతిని వెనక దాచుకుని, జాయ్ వైపు చూడకుండా, నా వైపు తిరిగారు.

"కడుక్కున్నాను కదే రూతూ? నువ్వు చూసేవు కదా?"

రెండేళ్ళు చేతులు కడుక్కోండి మొర్రో అని మొత్తుకున్నదాన్ని నేనే. "చూశానండీ, కడుక్కున్నారు" అన్నాను. ఆయన నమ్మలేదు. బిడ్డని నాకిచ్చి, మళ్ళీ పంపు దగ్గరికి వెళ్ళారు.