కలవని గీత

మా మామయ్య టోలిమన్‌కున్న కోకో తోట చుట్టూ గీత గీయడానికి వెళ్ళినప్పుడల్లా నా తల ప్రాణం తోకకొస్తోంది. మా దీవిలోని రేవు పట్నం కొకొపోలో కోకో గింజలు ఎగుమతి చేసే కంపెనీలో నా పని అదే. ఫోన్ పట్టుకుని రైతు నేల అంచు వెంబడి నడవాలి. నడిచినంత మేరా ఫోన్‌లో గీత పడుతుంది, బయలుదేరిన చోటికి తిరిగొచ్చేసరికి అది కలవాలి. 2020 తర్వాత అడవి కొట్టిన నేలలో కాసిన కోకో తమ రేవుల్లో దిగడానికి వీల్లేదని యూరప్ వాళ్ళు చట్టం చేసుకున్నారు. ఏ గింజ ఎక్కడ కాసిందో మా గీతల్ని బట్టి పాత అడవి పటంతో సరిచూసుకుంటారు. గీత కలవకపోతే గింజ కదలదు.

మంచి చట్టమే, కాదనను. అవతలి కొండల్లో కలప కంపెనీల నిర్వాకం కళ్ళారా చూసినదాన్ని. కానీ అది రాసినవాళ్ళలో ఒక్కరికైనా తరాయూ అంటే ఏమిటో తెలిసుంటే నాకీ తిప్పలు ఉండేవి కావు.

మాకు వంశం తల్లి వైపు నుంచి వస్తుంది, అందుకే మామయ్యదీ నాదీ ఒకటే. మామయ్య తోటలోకి మా వంశం తరాయూ చొచ్చుకుని ఉంది. మగవాళ్ళలోనూ దీక్ష తీసుకున్నవాళ్ళే అడుగుపెట్టే చోటు. ఆడవాళ్ళు అటు పోకూడదు, తొంగి చూడకూడదు. పోతే తప్పు కట్టాల్సింది వంశమంతా. అక్కడ గొడ్డలి పడదు కనుక చెట్లు ఆకాశాన్నంటి ఉన్నాయి. నేను ఆ దరిదాపుల్లో ఆగిపోతాను, నాతోపాటు గీతా ఆగిపోతుంది. చుట్టు తిరిగి అవతలి వైపు నుంచి మళ్ళీ మొదలుపెడితే, ఆ వెధవ ఫోన్ రెండు కొసల్నీ తిన్నగా కలిపేస్తుంది. దాంతో తరాయూ అంతా తోటలోకి వచ్చిపడుతుంది. తెర మీద ఎర్ర గుర్తు: 2020లో ఇక్కడ అడవి, ఇప్పుడు మీరు కోకో అంటున్నారు, ఎప్పుడు కొట్టారు?

కొట్టలేదురా నాయనా! అదే కదా నా గోడు.

"పోనీ నువ్వు నడువు మామయ్యా, ఫోన్ నీకిస్తాను" అన్నాను.

మామయ్య వక్క నములుతూ నన్ను ఎగాదిగా చూశాడు. "నడుస్తాను, దానికేం? ఆ గీత ఎవరెవరు చూస్తారే?"

"కొనే కంపెనీ, వాళ్ళ వకీలు, రేవులో అధికార్లు."

"అందులో ఆడవాళ్ళున్నారా?"

"వకీలే ఆడమనిషి."

"మరింకేం! మా అమ్మకే చూపించని చోటు, ముక్కూ మొహం తెలియని ఆవిడకి బొమ్మ గీసి పంపాలా? మతి ఉండే మాట్లాడుతున్నావా డోర్కస్?"

"ఏడాదంతా గొడ్డుచాకిరీ చేశావు కదా మామయ్యా. పంపకపోతే ఆ గింజలన్నీ దారిన పోయే వ్యాపారి పాలే."

"అయితే అవనీ" అని ఉమ్మాడు. కానీ మొహం వాడిపోయింది. ఈ కొనుగోలు కోసమే కొమ్మలన్నీ కత్తిరించి, పురుగు పట్టిన కాయలు ఒక్కొక్కటే ఏరి పూడ్చి, గింజలు ఆరబెట్టడానికి కొత్త షెడ్డు వేశాడు. నా మాట నమ్మే వేశాడు.

హాంబర్గ్‌లోని వకీలు హెన్రికెతో ఫోన్‌లో మొరపెట్టుకున్నాను. ఆవిడ చెడ్డమనిషేం కాదు. అదే నా ఖర్మ, చెడ్డదైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని.

"మీ ఆచారం మీద మాకెంతో గౌరవం ఉందండీ" అంది. "లోపలి ఫొటో ఒకటి పంపితే చాలు."

"లోపల ఫొటోలు తీయకూడదండీ."

"మరి అడవి ఉన్నట్టు మీకెలా తెలుసు?"

"బయటికే కనిపిస్తున్నాయండీ చెట్లు, మేఘాలకి తగులుతూ!"

"బయటి నుంచి చూస్తే మధ్యలో కొట్టారో లేదో తెలియదు కదా. పోనీ, లోపలికి వెళ్ళేవాళ్ళెవరైనా అక్కడ ఏముందో రాసి సంతకం పెడతారా?"

"అక్కడ ఏముందో చెప్పకూడదన్నదే వాళ్ళ దీక్షండీ!"

"నాకు అర్థమవుతోంది" అంది. "కానీ తప్పు తేలితే శిక్ష పడేది మా కంపెనీకి. నేను ఒప్పుకోలేను."

గీతని తరాయూ అంచున వంచి అంచనాగా నేనే గీసేద్దామా అనుకున్నాను. నడవని చోట నడిచానని రాయాలి. కింద సంతకం నాది. చేతకాలేదు. ఓడ వచ్చే వేళైంది. ఒక్క సంచి మీద అనుమానమున్నా మొత్తం సరుకు ఆపేస్తారు, మిగతా కుటుంబాల గింజలూ ఆగిపోతాయి. గోదాములోంచి మామయ్య సంచులు తీయించేసి, ఆ లోటు టోపగుర్ అనే మరో రైతు గింజలతో నింపాను. టోపగుర్ నేల చుట్టూ గీత ఒక్క నడకలో కలిసింది. "ఇంత శుభ్రమైన పటం ఈ మధ్య చూడలేదు" అని హెన్రికె మెచ్చుకుంది. ఫోన్ విసిరికొట్టాలనిపించింది.

సంచులు వెనక్కి తెచ్చి మామయ్య షెడ్డు ముందు దింపించాను.

"నా బదులు ఎవరివి ఎక్కాయే?" అన్నాడు.

"టోపగుర్‌వి."

"వాడి నేలలోనా? కోకో తప్ప పిట్ట వాలడానికి చెట్టు లేదు కదే అక్కడ!"

"ఎప్పుడో నరికించేశాడుగా. 2020కి ముందే. చట్టం దృష్టిలో కడిగిన ముత్యం."

"నేనిప్పుడు కొడితే?"

"ఇప్పుడు కొడితే ఇంక జన్మలో కొనరు."

"కొట్టకపోయినా కొనలేదుగా."

నాకు కోపంతో ఏడుపొచ్చింది. ఎవరి మీద కోపమో కూడా తెలియలేదు. మామయ్య ఒక సంచి విప్పి, గింజలు గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసి, మళ్ళీ అందులోనే పోశాడు.

"ఆవిడని ఓ మాట అడుగు. మా తాతలు ఆ అడవి ఎప్పుడు కొట్టి ఉండాల్సిందో చెప్పమను."

అక్కడే నిలబడి ఆ మాట ఉన్నదున్నట్టు హెన్రికెకి రాసి పంపాను.