నడిపించి చూసుకోండి

నారుమడిలా ఉందే ఇది, అనుకున్నాడు దేవీప్రసాద్, మేకపోతు ఎడమ వెనక్కాలి మోకీలు మీద వేలు ఆనించి, వెంట్రుకలు గొరిగిన జాగా నాలుగంచులూ తాడు పట్టి గీసినట్టు చదరంగా ఉంది, లోపల కొత్త వెంట్రుకలు మొలకల్లా అప్పుడే తలెత్తుతున్నాయి, పశువుల డాక్టర్లు ఎవరైనా గుండ్రంగా గొరుగుతారు, ఇలా చదరంగా గొరిగేవాడు ఈ గోపాలపట్నంలోనే కాదు విశాఖపట్నం మొత్తానికి ఒక్కడే, సూది వెయ్యమంటే ఊడుపులకి మడి కడతన్నావేటి అని క్లినిక్‌లో తోడున్న రోజారమణి వెక్కిరించేది అతన్నే, కాలేజీలో ఐదేళ్ళు చదివినా చేతికి నాన్న చలమయ్య పొలంలో నేర్పిన చదరమే వస్తుంది, అంటే ఇది గొరిగింది తనే, అంటే ఈ తేనెరంగు పోతు, చెవి కొసన సున్నంబొట్టులాంటి మచ్చ ఉన్న ఈ పోతు, నాలుగు రోజుల కిందట ఇదే బల్ల మీద నిలబడింది, అప్పుడు దీని తాడు పట్టుకున్నవాడు మేకల వ్యాపారం చేసే అక్క మొగుడు ఎల్లారావు, ఇప్పుడు పట్టుకున్నది బల్లకి అవతల ముసుగు తలమీంచి వెనక్కి తోసుకుని చెమట తుడుచుకుంటున్న ఈ పెద్దావిడ, పేరు జైతూన్ బీ అని ఇందాకే చీటీ మీద రాయించుకుంది, విశాఖ పాతనగరం నుంచి ఆటోలో పోతు తల ఒళ్ళో పెట్టుకుని వచ్చింది, ఎల్లుండి బక్రీదు, ఖుర్బానీ బలి కోసం మూడు రోజుల కిందట కొన్నదట, నిన్న పొద్దుటి దాకా గుర్రంలాగ నడిసింది డాక్టర్ సాబ్, మజ్జానం నించి కాలు కింద పెడితే ఒట్టు, అంటోంది, కుంటిది ఖుర్బానీకి పనికిరాదు కదా, మా ఇమామ్ సాబ్ మిమ్మల్ని ఒక్కటే అడిగి రమ్మన్నారు, ఈ కుంటు నాను కొన్నాక వచ్చిందా, కొనకముందు నించీ ఉందా, కొన్నాక వచ్చిందయితే చెల్లుతాదేమో, అది తెలిస్తే మిగతాది ఆయన చెప్తారంట, కాలు పట్టుకుంటే మీకు తెలిసిపోతాది కదా బేటా, అంటోంది, అతను కాలు పట్టుకునే ఉన్నాడు, తెలిసిపోయాక కూడా పట్టుకునే ఉన్నాడు, వదిలితే జవాబు చెప్పాలి.

కొనకముందు నుంచీ ఉందని చెబితే బావని నలుగురిలో నిలబెట్టి పంచె లాగినట్టే, బావ తన దగ్గరికి వచ్చింది డాక్టరని నమ్మి, ఒకరి జీవానికున్న రోగం ఇంకొకరికి చెప్పకూడదు, అది చదువులోనే ఉంది, చెప్పకపోతే, ఈవిడ కూడా వచ్చింది డాక్టరని నమ్మే, వచ్చినవాళ్ళకి అబద్ధం చెప్పకూడదు, అదీ చదువులోనే ఉంది, రెండూ ఒకే పుస్తకంలో ఎలా సర్దుకున్నాయో, పరీక్షలో ఇలాంటి ప్రశ్న వస్తే రెండు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నట్టు జ్ఞాపకం, ఏం రాశాడో మాత్రం జ్ఞాపకం లేదు, కీలు చుట్టూ వాపు వేలికి వెచ్చగా తగులుతోంది, నాలుగు రోజుల కిందట ఇంత వాపు లేదు, పాత దెబ్బ తాలూకు గట్టితనం ఒక్కటే ఉంది, కీలు అరిగిపోయింది బావా, ఇది నయమయ్యేది కాదు, అని తను అన్నాడు, దానికి బావ ఏదో అన్నాడు, ఏమన్నాడు, ఏదో అన్నాడులే, తను నొప్పికి సూది వేశాడు, నొప్పితో ఉన్న జీవానికి నొప్పి తీయడం తన పని, అందులో తప్పేముంది, అయినా బావ అంటే ఎవరు, ఈ క్లినిక్ తెరిచిన కొత్తలో ఈగలు తోలుకుంటూ కూచుంటే వ్యాన్‌లో పదకొండు మేకల్ని ఎక్కించుకొచ్చి, హైవే మీద పోయేవాళ్ళందరికీ కనపడేలా గుమ్మం ముందు వరసగా కట్టి, సాయంత్రం దాకా నిలబెట్టినవాడు, ఒక్కదానికీ రోగం లేదు, జనాన్ని సూస్తేనే జనం వొస్తారు బావ, పెళ్ళిలో మొదటి బంతికి మనోళ్ళే కూకోవాల, అన్నాడు, మర్నాడు నిజంగానే ఒక గేదె వచ్చింది, ఆ పదకొండు మేకల నీడలోనే కదా తను ఇవాళ్టికీ కూచున్నది, మరి ఈ ముసలావిడ ఎవరు, ఎవరూ కాదు, ఎవరూ కానిదానికే మరీ నిజం చెప్పాలంటారేమో, ఏమో.

చేతులు కడుక్కుని వస్తానమ్మా అని లోపలి గదిలోకి నడిచాడు, చేతులు శుభ్రంగానే ఉన్నాయి, లోపల రోజారమణి, ఈ క్లినిక్‌లో సగం ఆమెది, రుషికొండ నుంచి కారులో దిగిన బొద్దు కుక్కపిల్లకి గోళ్ళు తీస్తోంది, గొంతు తగ్గించి సంగతంతా చెప్పాడు, ఆమె తలెత్తకుండానే, ఒకలి గుట్టు ఇంకొకలికి సెప్పకూడదు ప్రసాదూ, రేపు మీ బావే కాదు, ఏ ఊరోడూ మన గుమ్మం తొక్కడు, అంది, అయితే కొన్నాకే వచ్చిందని చెప్పమంటావా, నానెక్కడన్నాను అలాగని, మరేం చెప్పను, ఏటీ సెప్పకు, ఏమీ చెప్పకపోతే ఆవిడ మసీదులో ఏం చెప్తుంది, అది నన్నడుగుతావేటి, సూది వేసింది నువ్వు, అని టక్కున గోరు కత్తిరించి అప్పుడు తలెత్తింది, అవునూ, మందు ఒంట్లోంచి పోయేదాకా కొయ్యకూడదని చీటీ మీద రాసేవా, రాయలేదు, పోనీ నోటితోనైనా అన్నావా, అనలేదు, బాగుంది, అంది, ఆ బాగుంది చెవిలో జోరీగలా దూరి బయటికి రావడం లేదు, నాలుగు రోజులయింది కదా, ఎల్లుండికి ఆరు, చాలావరకు పోయే ఉంటుంది, చాలావరకు అంటే ఎంతవరకు, ఫోన్ తీసి బావకి కలిపాడు, అవతల బక్రీదు సంత మైదానంలో మేకల అరుపులు, బేరాల కేకలు, వాటి మధ్యనుంచి బావ గొంతు, ఆ తేనెరంగుదా, ఆ ముసలమ్మ ఆ మూల నించి ఈ మూలకి మూడుసార్లు నడిపించి సూసింది బావ, దాని కాళ్ళేటో గానీ నా కాళ్ళు నొప్పెట్టినాయి, నాను నోరిప్పి ఒక్క అబద్ధమాడితే నా కళ్ళు పోతాయి, నడిపించి సూసుకోండమ్మా అన్నాను, సూసుకుంది, కొనుక్కుంది, సంతలో మీ నాన్న సేసిందీ అదే కదా, నీకు తెలీని బేరమా, పోనీ వెనక్కి తీసుకుని ఇంకోటి ఇవ్వు బావా అంటే, ఇంకోటెక్కడుంది, ఉన్నియ్యన్నీ బయానా అయిపోయినాయి, ఆటో కుదుపులకి కాలు బెణికిందని సెప్పీ, ఇంకో సూది ఏసీ, ఎల్లుండి దాకా లాగేస్తాది, ఆవిడ పండగ ఆవిడకి సుఖంగా పోతాది, ఏటంటావ్, అన్నాడు, దేవీప్రసాద్ ఫోన్ పెట్టేసి చేతులు కడుక్కోడానికి కుళాయి తిప్పాడు, బావ చెప్పినదాంట్లో అబద్ధం ఎక్కడుందా అని వెతికితే ఎక్కడా దొరకలేదు.

నడిపించి చూసుకోండి, అవును, నాన్న మాటే అది, శుక్రవారం సంతలో ఎద్దుని అమ్మకానికి నిలబెట్టి, భుజం మీది తువ్వాలు సర్దుకుంటూ, పొగడడు, లోపం చెప్పడు, కొనేవాడు పళ్ళు లెక్కపెట్టనీ, తోక మెలిపెట్టనీ, గిట్టలు గోకనీ, నాన్న నోట్లోంచి వచ్చేది ఒక్కటే, నడిపించి చూసుకోండి, ఒకసారి గిట్ట పగిలిన ఎద్దు నాలుగడుగులకే కుంటితే బేరగాడు తాడు వదిలేసి పోయాడు, పొద్దున్నించీ నిలబడ్డ ఎండంతా వృథా, మాత్తరెయ్యకపోయేవా చలమయ్యా, వాడి కళ్ళ ముందు నడిసేసేది కదా, అని పక్కవాడు నవ్వాడు, నాన్న నవ్వలేదు, నా నోరు మూసుకోడానికి సంతలో నాకు హక్కుందిరా, దాని కాలు మూసెయ్యడానికి లేదు, మనిసి అబద్ధమాడతాడని అందరికీ తెలుసు, అందుకే మనిసిని అడగరు, కాలుని అడుగుతారు, అన్నాడు, ఎద్దుని తోలుకుని ఎనిమిది మైళ్ళు వెనక్కి నడిచాడు, మరైతే బావ తప్పేముంది, నోరే కదా మూసుకున్నాడు, జైతూన్ బీ తప్పేముంది, అడగవలసినదాన్నే మూడుసార్లు అడిగింది, పోతు తప్పు ఉండనే ఉండదు, ఎవరి తప్పూ లేకుండా ఇంత తప్పు ఎలా జరిగింది, కూడికంతా సరిగ్గానే ఉండి జవాబు తప్పినట్టు, రోజారమణి పక్కనుంచి చూస్తోంది, కుళాయి అప్పటినుంచీ పారుతూనే ఉంది, కట్టేశాడు.

తిరిగి వచ్చేసరికి జైతూన్ బీ పోతుతో మాట్లాడుతోంది, అతన్ని చూసి ఆ మాటనే అతనివైపు తిప్పింది, ఇరవై ఏళ్ళ నించీ బేటా, పండగొస్తే మా సందులో ప్రతి ఇంటి నించీ ఖుర్బానీ మాంసంలో నా వాటా నాకొచ్చేది, తలుపు కొట్టి గిన్నెలో పెట్టి పోయేవారు, ఎవరూ ఒక్క మాట అన్లేదు, అల్లా వాళ్ళని చల్లగా చూడాల, కానీ ఈ ఏడు నాను తలుపులు కొడతాను, ముందు ఎవరి తలుపు, తర్వాత ఎవరి తలుపు, వరస కూడా అనుకునే పెట్టుకున్నాను, అని ముసుగు కొంగుతో మొహం తుడుచుకుంది, తుడుచుకున్నది చెమటేనో కాదో, ఉక్కపోతలో తెలియదు, ఆటోలో కుదుపులకి బెణికిందమ్మా అంటే అయిపోతుంది, ఈ ఒక్క ముక్కకి ఆవిడ వరస చెడదు, బావ పరువు పోదు, రోజారమణి గుమ్మం చెక్కుచెదరదు, నిజానికి అంతమందిని ముంచే బలం ఉండి, అబద్ధానికి ఇంతమందిని ఒడ్డెక్కించే బలం ఉంటే ఏది ధర్మం, అతని చెయ్యి దానంతటది ట్రేలోని మందు సీసాని అందుకుంది, ఇంకో సూది, ఎల్లుండి దాకా లాగేస్తాది, పోతు మెడ చాచి ఆ చేతిని వాసన చూసింది, గుర్తుపట్టిందో ఏమో, ఎడమ వెనక్కాలు మెల్లగా దించి, గిట్ట కొస బల్లకి ఆనీ ఆనకముందే మళ్ళీ పైకి లాక్కుంది, మళ్ళీ దించింది, మళ్ళీ లాక్కుంది, అలా ఎత్తుకోవడమే కదా దానికున్న మందు, నొప్పే కదా దాని కాపలా, ఆ కాపలావాడిని నిద్రపుచ్చి మూడు రోజుల పాటు అరిగిన కీలు మీద దాన్ని తిప్పారు, అందుకే ఈ వాపు, అంటే కుంటు కొనకముందూ ఉంది, కొన్నాకా వచ్చింది, రెండూ నిజమే, రెంటికీ మధ్యన ఉన్నది ఒక సూది, ఆ రోజు బావ ఏదో అన్నాడు, ఏమన్నాడు, ఇప్పుడు వినబడుతోంది, కావాలని ఇంతసేపూ వినలేదు గానీ ఇప్పుడు బల్ల పక్కనే నిలబడి అంటున్నట్టు వినబడుతోంది, నయం సెయ్యమని ఎవడన్నాడు బావ, నాలుగు రోజులు సక్కగా నడిస్తే సాలు, అన్నాడు, వారం తిరక్కుండా బక్రీదని గోడ మీద క్యాలెండర్ చెబుతూనే ఉంది, ఎందుకు నాలుగు రోజులని తను అడగలేదు, తను నవ్వాడు, సంతలో పక్కవాడు నవ్వినట్టు నవ్వి, చక్కగా చదరంగా గొరిగి, సూది వేశాడు.

సీసా ట్రేలో పెట్టేశాడు, కాలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు, ఇంతసేపూ బావ గుట్టు మోస్తున్నాననుకున్నాడు, బరువంతా అదేననుకున్నాడు, బావ చేసింది నోరు మూసుకోవడం, సంతలో అందరూ చేసేదే, కాలు నోరు మూసింది మాత్రం తను, అది బావ చెయ్యలేడు, అందుకు చదువు కావాలి, ఇది బావ గుట్టు కాదు, తనది, బావ పేరు దీని వెనకే నడిచొస్తుందేమో, వస్తే రానీ, అక్క తిడితే తిట్టనీ, తన గుట్టు తను చెప్పుకోవడానికి ఏ పుస్తకమూ అడ్డు రాదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఇంత చిన్న సంగతికి ఇంతసేపు ఈ కాలు పట్టుకుని నిలబడ్డాడు, మెల్లగా కాలు వదిలాడు, జైతూన్ బీ అతని మొహంలోకి చూస్తోంది, గొరిగిన చదరం మీద వేలు పెట్టి చూపించాడు, ఇది గొరిగింది నేనేనమ్మా, మీరు కొనకముందు రోజు, ఇక్కడే, నొప్పి తెలీకుండా సూది వేసింది కూడా నేనే, ఒంట్లో ఉన్నన్నాళ్ళూ కొయ్యకూడని మందు అది, మీరు మూడుసార్లు నడిపించి చూశారు చూడండి, ఆ నడక దీనిది కాదు, నాది.