రెండో సాక్షి

స్కాట్లండు చట్టానికి ఒంటి సాక్షి గిట్టడు. కళ్ళారా చూసినవాడు ఎంత నిజాయితీపరుడైనా సరే, అతని మాటకు ఇంకో ఆధారం తోడు నిలబడాలి. లేకపోతే నిందితుడు దర్జాగా ఇంటికి పోతాడు. ఎల్స్‌పెత్ రాంకిన్ ఎడింబరోలో అడ్వొకేటుగా పేరు తెచ్చుకున్నది ఈ నియమం చలవతోనే. ప్రభుత్వ పక్షంలో రెండో ఆధారం ఎక్కడ లోపించిందో ఆమె ఇట్టే పసిగట్టేది.

పోయిన ఏడాది ర్యాబ్ గెమ్మెల్ అనేవాణ్ణి అలాగే విడిపించింది. ఎడింబరో రేవు ప్రాంతం లీత్‌లో నెట్టా బర్నీ అనే ముసలామె ఊలు దుకాణం తలుపు పగలగొట్టి, ఆమె తల బద్దలుకొట్టాడని వాడి మీద అభియోగం. వాణ్ణి చూసింది నెట్టా ఒక్కతే. ఎల్స్‌పెత్ లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంది, గెమ్మెల్ బయటపడ్డాడు. కోర్టు మెట్ల మీద నెట్టా ఆమెను ఆపింది.

"ఒక్కదాన్నే చూశానని, చూడనట్టేనా అమ్మాయ్?"

ఎల్స్‌పెత్ మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ చలికాలంలోనే నెట్టా పోయింది.

పోయాక కోర్టుకు రావడం మొదలుపెట్టింది. ఎల్స్‌పెత్ వాదించే ప్రతి కేసుకూ వెనక బెంచీలో పచ్చ కోటు వేసుకుని, ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని కూర్చునేది. మాట్లాడదు, బెదిరించదు. ఊరికే చూస్తుంది. ఎల్స్‌పెత్‌కు మాత్రమే కనిపించేది. ఎవరికి చెప్పుకుంటుంది? పిచ్చిదంటారు, కేసులు రావు. అందుకని వృత్తి నేర్పిన తెలివితోనే మనసుకు సర్దిచెప్పుకుంది. చూసేది నేనొక్కదాన్నే, ఒంటి సాక్ష్యం చెల్లదు, కాబట్టి ఆమె లేదు. నవ్వొచ్చే మాటే. అయినా ఆ మాట పట్టుకునే ఆమె రోజూ అడ్వొకేట్లు పెట్టుకునే తెల్ల విగ్గు పెట్టుకుని కోర్టుకు వెళ్ళగలుగుతోంది.

అలాంటి సమయంలో గోరుచుట్టు మీద రోకటిపోటులా గెమ్మెల్ మళ్ళీ వచ్చాడు. ఈసారి ఊరి చివర సముద్రపు ఒడ్డున పోర్టొబెల్లోలో ఐస్‌క్రీం కొట్టు నడిపే విల్మా టల్లొక్‌ను కొట్టాడట. ఆమెకు ఒక కన్ను పోయింది. ఖాళీగా ఉన్న అడ్వొకేటు వచ్చిన కేసును వద్దనకూడదన్నది అక్కడి కట్టుబాటు. ఎల్స్‌పెత్ ఖాళీగానే ఉంది.

విచారణ రోజు పొద్దున ప్రభుత్వ పక్షం అడ్వొకేటు ఫింగ్లండ్ ఆమెను కోర్టు భవనంలోని పార్లమెంటు హాల్లోకి నడకకు పిలిచాడు. అడ్వొకేట్లు అక్కడ ఒకచోట నిలబడి మాట్లాడుకోరు. పక్కవాడి చెవిన పడకుండా, ఆ పొడవాటి హాల్లో ఈ కొస నుంచి ఆ కొసకు జంటలుగా తిరుగుతూ బేరాలు కుదుర్చుకుంటారు. గెమ్మెల్ చేత చిన్న నేరమేదైనా ఒప్పిస్తావా అని ఫింగ్లండ్ అడిగాడు. తన చేతిలో విల్మా తప్ప మరేమీ లేదని అతనికీ తెలుసు. హాలు చివర వెనక్కి తిరిగేటప్పుడు ఎల్స్‌పెత్ ఒక అడుగు పక్కకు జరిగింది. ఆమెకూ గోడకూ మధ్య నెట్టా నడుస్తోంది.

"ఎవరికమ్మా దారి ఇస్తున్నావు? నాకైతే ఎప్పుడూ ఇవ్వలేదు," అని ఫింగ్లండ్ నవ్వాడు.

అతనికి కనిపించలేదు. ఇంకా ఒంటి సాక్షే. ఎల్స్‌పెత్ గుండె కుదుటపడింది.

కోర్టులో విల్మా వేలు గెమ్మెల్ వైపు చూపించింది. ఫింగ్లండ్ తన సాక్ష్యం అయిందన్నాడు. ఇక ఎల్స్‌పెత్ లేచి, ఒక్కరి మాట చాలదని చెప్పడమే తరువాయి. బోనులోంచి గెమ్మెల్ చెయ్యెత్తి పిలవడంతో, ముందుగా నిందితుడితో మాట్లాడాలని జడ్జిని వేడుకుని, కింద నిందితుల్ని ఉంచే గదిలోకి దిగింది.

గెమ్మెల్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మేడమ్, ఆ పచ్చ కోటు ముసల్దాన్ని బయటికి పంపించమనండి."

ఎల్స్‌పెత్ మెట్ల రెయిలింగు పట్టుకుంది. ఏ ముసలామె అని అడిగింది.

"ఊలు కొట్టుది. చచ్చిపోయిందిగా అది! పొద్దున్నుంచీ నన్నే చూస్తోంది. నేను తలుపు పగలగొట్టుకుని లోపలికెళ్ళినప్పుడూ ఇట్లాగే చూసింది. కేసు కొట్టేస్తే నాతో ఇంటికొస్తుందేమో. నేరం ఒప్పుకుంటా. జైల్లోకి రాదుగా?"

ఆమె తన బాధ్యత తప్పలేదు. నోరు మూసుకుని కూర్చుంటే ఇంకాసేపట్లో బయటపడతావని, ఒప్పుకుంటే ఏళ్ళ తరబడి జైలేనని వాడికి విడమరచి చెప్పింది. గెమ్మెల్ విన్నాడు. కాస్త ధైర్యం వచ్చినట్టే ఉంది.

"అయితే నాకే ఏదో భ్రమేమో. ఒక్క మాట చెప్పండి మేడమ్. మీకు కనిపించట్లేదుగా?"

లేదు అంటే చాలు. వాడు స్వేచ్ఛగా వెళ్ళిపోతాడు, ఆమె పేరుకు ఢోకా ఉండదు, నెట్టా ఎప్పటిలాగే చెల్లని సాక్ష్యంగా మిగిలిపోతుంది. ఔనంటే తన కక్షిదారుణ్ణి తన నోటితోనే జైలుకు పంపినట్టు. విల్మా కంటికి కట్టిన కట్టు ఆమె కళ్ళ ముందు మెదిలింది.

"కనిపిస్తోంది," అంది ఎల్స్‌పెత్. "పోయిన చలికాలం నుంచీ కనిపిస్తూనే ఉంది."

గెమ్మెల్ రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

పైకి వచ్చాక ఆమె లేచి, నా కక్షిదారు నేరం ఒప్పుకుంటున్నాడు మై లార్డ్ అంది. ఫింగ్లండ్ చేతిలోంచి కలం జారింది. పదిహేను మంది జ్యూరీ సభ్యులూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. విల్మా మాత్రం ఏడ్చింది. ఎల్స్‌పెత్ తను చేసింది వకాల్తానో ద్రోహమో తేల్చుకోలేకపోయింది.

కానిస్టేబులు గెమ్మెల్‌ను కిందికి దించబోతుంటే వాడు ఆగి వెనక్కి చూశాడు. మొహం తేటపడింది.

"వెళ్ళిపోయింది మేడమ్. చూడండి, బెంచీ ఖాళీ."

ఎల్స్‌పెత్ తిరిగి చూసింది. వెనక బెంచీ నిజంగానే ఖాళీగా ఉంది. గెమ్మెల్‌కు ఇక కనిపించని నెట్టా ముందుకొచ్చి, సరిగ్గా ఎల్స్‌పెత్ వెనక కుర్చీలో కూర్చుని ఉంది.